పది గీతలు

మా పిల్లల ఐసీయూలో నన్ను వెనకాల చుక్కల మేడం అంటారు. ముఖం మీద అనే ధైర్యం హెడ్ సిస్టరుకి ఒక్కదానికే ఉంది. రెండు పాయింట్ సున్నా అని రాసేటప్పుడు మధ్యలో చుక్క సరిగ్గా పడకపోతే రెండు కాస్తా ఇరవై అవుతుంది. పన్నెండు కిలోల పిల్లకి అది ప్రాణం మీదికి వస్తుంది. అందుకని చుక్క పెట్టని డాక్టర్లకి నేను చుక్కలు చూపిస్తాను. పేరు అలా వచ్చింది. నాకేమీ అభ్యంతరం లేదు, నచ్చింది కూడా.

నేను క్లినికల్ ఫార్మసిస్టుని. మందుల కౌంటరు వెనక కూర్చునే మనిషినని మా చుట్టాలంతా గట్టిగా నమ్ముతారు, ఎక్కడ కనబడినా తలనొప్పి మాత్ర అడుగుతారు. నా పని వేరు. మెదడుకి దెబ్బ తగిలిన పిల్లలు, మూర్ఛలు ఆగని పిల్లలు, స్పృహ లేని పిల్లలు ఉండే పది మంచాల మధ్య డాక్టర్లతో పాటు తిరుగుతాను. ఏ మందు, ఎంత, ఎంతసేపట్లో ఎక్కించాలి, దేనితో కలిస్తే కొంప మునుగుతుంది, ఇవన్నీ నేను చూసుకోవాలి. ఈ పనిలో నేను మంచిదాన్ని. వినయం నటించడం నాకు చేతకాదు కనుక ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇకపై చెప్పబోయేది నేను చేసిన తప్పు గురించి.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి నాలుగో మంచం మీదికి పిచ్చుక వచ్చింది. వాళ్లమ్మ పెట్టిన ముద్దుపేరు అది. ఆరున్నరేళ్ల పిల్ల, ఒక్క చోట కుదురుగా కూర్చోదు, నోరు మూత పడదు. రెండేళ్లుగా మూర్ఛ మందు వాడుతోంది. నెల నెలా చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా నా గదిలోకి దూరి బల్ల మీద ఉన్న సిరంజిలన్నీ పీకి పెడుతుంది. ఇప్పుడు మాత్రం నోరు తెరవడం లేదు. కళ్లు ఒక పక్కకి తిరిగిపోయి ఉన్నాయి. ఎడమ చెయ్యి, ఎడమ కాలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. ఇంట్లో మొదలై అప్పటికి గంట దాటింది.

ఎమర్జెన్సీలో ఆపడానికి వేసే సూదిమందు రెండుసార్లు వేశారు. ఇంకో మందు సెలైన్‌లో ఎక్కించారు. ఆగలేదు. అంతసేపు ఆగని మూర్ఛ మెదడుని తినేస్తుంది. మాటో, నడకో, చదువో, ఏది పోతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

పెద్ద డాక్టరు మంచం పక్కన నిలబడి కేస్ షీటు తిరగేశారు. మంచి డాక్టరు, తొందరపాటు మనిషి కాదు. కాకపోతే నా మాట పది శాతం తగ్గించి వినడం ఆయనకి అలవాటు.

"ఫెనిటోయిన్ సిరప్ వాడుతూనే ఉంది కదా. పోయిన నెల పరీక్షలో రక్తంలో నిండుగా ఉంది, పద్నాలుగు. అంటే ఆ మందు ఇక దీనికి పనిచేయట్లేదు. మత్తు డాక్టరుని పిలవండి. గొట్టం వేసి, వెంటిలేటరు మీద పెట్టి, పూర్తిగా మత్తులో ఉంచుదాం," అన్నారు.

అది తప్పు నిర్ణయం కాదు. నిజంగా మందులు పనిచేయకపోతే నేనూ అదే చెప్పేదాన్ని. కానీ ఆ మత్తులోంచి బయటికి రావడానికి రోజులు పడుతుంది. ఈలోగా బీపీ పడిపోతుంది, ఊపిరితిత్తుల్లో చీము చేరుతుంది. కొందరు పిల్లలు వెళ్లినట్టు తిరిగి రారు. ఆఖరి మెట్టు ఎక్కే ముందు, కింది మెట్లన్నీ సరిగ్గా ఎక్కామా లేదా అని చూడాలి కదా.

పైగా నాకు లెక్క కుదరలేదు. అదే పిల్ల, అదే మందు, అదే మోతాదు. జ్వరం లేదు, విరేచనాలు లేవు, కొత్త మందేదీ మొదలుపెట్టలేదు. పోయిన నెల పనిచేసిన మందు ఈ నెల ఎందుకు పనిచేయదు? లెక్క కుదరకపోతే నాకు అన్నం సహించదు.

"సార్, ఇప్పుడు రక్తంలో ఆ మందు ఎంత ఉందో చూద్దాం," అన్నాను.

"పంపించాం మేడం. ల్యాబ్‌లో మిషన్ బాగుచేస్తున్నారట, గంటన్నర అంటున్నారు. గంటన్నర ఇలా కొట్టుకోనిస్తారా దీన్ని?"

"తక్కువ ఉందనుకోండి. అదే మందు సెలైన్‌లో ఎక్కిస్తే..."

"ఎక్కువ ఉందనుకోండి. నిండుగా ఉన్నదాని మీద ఇంకా పోస్తే గుండె ఆగుతుంది. మీకు నేను చెప్పాలా? లెక్క చెప్పడం మీ పని, నిర్ణయం నా పని. ఆ గీత దాటకండి. మత్తు డాక్టరు రావడానికి పదిహేను నిమిషాలు పడుతుంది. ఈలోగా ఏదైనా రుజువు దొరికితే తీసుకురండి."

కోపం వచ్చింది. కానీ ఆయన చెప్పింది నిజం. ఊహ మీద ఆ మందు ఎక్కించకూడదు. గోడ గడియారం చూసుకుని, తలుపు తోసుకుని బయటికి నడిచాను.

వరండాలో బెంచీ మీద పిచ్చుక వాళ్లమ్మ, నాయనమ్మ చెరో కొసన కూర్చుని ఉన్నారు. మధ్యలో ఇంకో ముగ్గురు పట్టేంత ఖాళీ. వాళ్లమ్మ టైలరు. మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతూనే ఉంది, తీయడం మర్చిపోయినట్టుంది.

"మందు ఎప్పుడైనా మానేశారా?" అన్నాను, ఉపోద్ఘాతం లేకుండా.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఒక్క పూట కూడా లేదండీ. ఒట్టు."

"మిషన్ ముందు కూర్చుంటే దీనికి ఒళ్లు తెలియదమ్మా," అంది పెద్దావిడ బెంచీ అవతలి కొసనుంచి. "పది రోజులుగా పిల్ల ఉన్నట్టుండి గుడ్లప్పగించి చూస్తోంది, చేతిలో గ్లాసు జారవిడుస్తోంది. మందు సరిగ్గా వేస్తున్నావా అని నేను అడుగుతూనే ఉన్నా. వేస్తున్నానత్తయ్యా అంటుంది. వేస్తే ఇలా ఎందుకవుతుంది?"

"నిజంగా వేస్తున్నానత్తయ్యా!"

"ఏమో. ఎవరిని అనుకుని ఏం లాభం? దాని నుదుటి గీత అలా ఉంది."

వాళ్లమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ కింద పడనివ్వలేదు. నా దగ్గర పన్నెండు నిమిషాలున్నాయి. అత్తాకోడళ్ల తగువు తీర్చే తీరిక లేదు.

"మందు సీసా, సిరంజి తెచ్చారా?"

"మీరే చెప్పారు కదండీ, ఎప్పుడొచ్చినా సీసా తెమ్మని." సంచిలోంచి తీసింది.

"రోజూ ఎలా వేస్తారో అలా చేసి చూపించండి. ఏమీ దిద్దకండి. నేను ఇక్కడ లేననుకోండి."

ఆమె సీసాని బాగా ఊపింది. లెక్కపెడుతూ ఇరవై సార్లు ఊపింది. మూత తీసి, సిరంజి ముంచి, కంటి ఎత్తుకి పట్టుకుని మెల్లగా లాగింది. "ఒకటి, రెండు, మూడు..." అంటూ పెదవులు కదిపింది. "రోజూ పిచ్చుకే లెక్కపెడుతుందండీ, నాకన్నా గట్టిగా," అని పది దగ్గర ఆపింది. సరిగ్గా గీత మీద ఆపింది. వెంట్రుకంత తేడా లేదు. గాలి బుడగ కూడా లేదు.

"చూశారా? గీత మీద కత్తెర నడిపేదాన్ని. గీత తప్పుతానా?"

తప్పలేదు. ఇంత శుద్ధంగా మందు తీసే నర్సులు మా దగ్గర నలుగురు ఉంటే ఎక్కువ. నా చూపు పదో గీత మీద కాకుండా సిరంజి మీద ఆగిపోయింది. సన్నగా, పొట్టిగా ఉంది.

"ఈ సిరంజి ఎక్కడిది?"

"మీ కౌంటరులోనే ఇచ్చారండీ, మూడు వారాల కిందట, కొత్త సీసాతో పాటు. పాతది అరిగిపోయి అంకెలు కనబడట్లేదని పారేశాను."

సీసా తిప్పి చూశాను. మీద అంటించిన చీటీ మీద చక్కటి గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: పొద్దున పది గీతలు, రాత్రి పది గీతలు.

ఆ అక్షరాలు నావి.

రెండేళ్ల కిందట మొదలుపెట్టాను ఆ పద్ధతి. ఎం.ఎల్. అని రాస్తే కొందరు తల్లులు చెంచాలు అనుకునేవారు. రెండు పాయింట్ సున్నాని ఇరవై అని చదివినవాళ్లూ ఉన్నారు. అందుకని కౌంటరులో ఇచ్చే సిరంజిని ముందు పెట్టుకుని, ఎన్ని గీతల దాకా లాగాలో చీటీ మీద రాసిచ్చేదాన్ని; తర్వాత సీసా మారినప్పుడల్లా కౌంటరులో ఆ చీటీకే కాపీ తీసి అంటించేవారు. అంకెలు చదవడం రానివాళ్లు కూడా గీతలు లెక్కపెట్టగలరు. తప్పులు తగ్గిపోయాయి. మీటింగులో నన్ను మెచ్చుకున్నారు. నేను తల ఎగరేసుకుంటూ తిరిగాను.

పెద్ద సిరంజిలో పది గీతలంటే రెండు ఎం.ఎల్. ఈ చిన్నదాంట్లో ఒక్కో గీతకి విలువ సగం. పది గీతలంటే ఒకటే ఎం.ఎల్.

మూడు వారాల కిందట కౌంటరు నుంచి ఫోన్ వచ్చింది. "మేడం, పెద్ద సిరంజిలు అయిపోయాయి, చిన్నవి ఇవ్వమంటారా?" నేను ఏదో పనిలో ఉన్నాను. "సిరంజి ఏదైతేనేం, ఇచ్చేయండి," అన్నాను. సాయంత్రం కాగితం తెస్తే సంతకం కూడా పెట్టాను. చుక్క కోసం ప్రపంచంతో తగువు పడే మనిషిని, గీత దగ్గర బోర్లా పడ్డాను.

సిగ్గేసింది. కానీ దాంతో పాటే, పొద్దుటినుంచి కుదరని లెక్క టక్కున కుదిరింది. సిగ్గు పడటానికి సాయంత్రం దాకా టైముంది. పిచ్చుకకి లేదు.

"ఇది నుదుటి గీత కాదండీ, సిరంజి గీత. మీ కోడలు ఏ తప్పూ చేయలేదు. మిగతాది వచ్చి చెప్తాను," అని పెద్దావిడతో అని, సిరంజి పట్టుకుని లోపలికి పరిగెత్తాను.

మత్తు డాక్టరు వచ్చేశాడు. గొట్టం వేసే సామాను విప్పుతున్నారు. పెద్ద డాక్టరు నన్ను చూసి కనుబొమలెగరేశారు.

"గీత గురించే మాట్లాడాలి సార్," అన్నాను. "పిల్లకి మూడు వారాలుగా సగం మందే పడుతోంది."

"తల్లి చెప్పిందా?"

"తల్లి పూర్తిగా వేశానని చెప్పింది."

"తల్లులందరూ అదే చెప్తారు మేడం."

"తల్లి మాట నమ్మొద్దు సార్. నా సంతకం నమ్మండి." చిన్న సిరంజిని ఆయన చేతిలో పెట్టాను, పక్కన ట్రేలోంచి పెద్దది తీసి ఇంకో చేతిలో పెట్టాను. "పది గీతలని చీటీ మీద రాసింది నేను. సిరంజి మారితే ఏదైతేనేం అన్నదీ నేనే. ఆవిడ నేను రాసింది రాసినట్టు చేసింది. తప్పు నాది. అందుకే ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను."

హెడ్ సిస్టర్ నా వైపు ఒకసారి చూసి, మళ్లీ మానిటరు వైపు తిరిగింది. పెద్ద డాక్టరు రెండు సిరంజిల మీదా గీతలు లెక్కపెట్టారు. నిజంగానే వేలు పెట్టి లెక్కపెట్టారు.

"సగం పడితే రక్తంలో ఏడు ఉంటుంది," అన్నారు.

"ఉండదు సార్. ఈ మందుకి వంకర బుద్ధి. సగం వేస్తే సగం కన్నా బాగా కిందికి పడిపోతుంది. నాలుగుకి అటూ ఇటూ ఉంటుంది. ఇరవైకి తీసుకెళ్లాలి. బరువు పంతొమ్మిది పాయింట్ ఆరు, పొద్దున మంచం మీద తూచింది. రెండు వందల ఇరవై మిల్లీగ్రాములు, ఇరవై నిమిషాల్లో."

"రిస్కు ఎందుకు, సగం ఇద్దాం."

"సగం సగం వేసే ఇక్కడిదాకా తెచ్చాం సార్."

ఆయన రెండు సిరంజిలూ ట్రేలో పెట్టేశారు. తర్వాత మత్తు డాక్టరు వైపు తిరిగి, "సామాను అలాగే ఉంచండి. ఇరవై నిమిషాలు చూద్దాం. ఇవ్వండి మేడం," అన్నారు.

మందు నేనే కలిపాను. కంగారులో చిన్న నర్సు గ్లూకోజు బాటిల్ అందించింది. "దీంట్లో పడితే ముక్కలు ముక్కలుగా విరిగిపోతుంది తల్లీ, సెలైన్ ఇవ్వు," అన్నాను. ఇంకెవరైనా ఉంటే అరిచేదాన్ని, ఆ పూట ఎవరిమీదా అరిచే అర్హత నాకు లేదనిపించింది. లెక్క రెండోసారి హెడ్ సిస్టర్ చేత చేయించాను. ఆమెకీ రెండు వందల ఇరవయ్యే వచ్చింది. పంపు నడవడం మొదలైంది.

నేను మానిటరు ముందు నిలబడ్డాను. గుండె లయ తప్పితే వెంటనే ఆపేయాలి. అయిదు నిమిషాలు గడిచాయి. చెయ్యి కొట్టుకుంటూనే ఉంది. పది నిమిషాలకి బీపీ కొంచెం తగ్గింది. వేగం తగ్గించమన్నాను, నిలదొక్కుకుంది. నాకు భయం వేయలేదంటే అబద్ధం. కానీ లెక్క మీద అనుమానం మాత్రం రాలేదు.

పదిహేడో నిమిషంలో కాలు ఆగింది. చెయ్యి ఇంకా అదురుతోంది. అదురు మణికట్టుకి దిగింది, అక్కణ్నుంచి బొటనవేలికి. బొటనవేలు ఒక్కటే ఇంకాసేపు మొండికేసింది. తర్వాత అదీ ఊరుకుంది. పక్కకి తిరిగిన కళ్లు మధ్యకి వచ్చి మూతపడ్డాయి. తలకి తీగలు అంటించి మెదడు తీరు చూపే తెర మీద కొండల్లా లేచిపడుతున్న గీతలు చిన్న అలలుగా, మామూలుగా సాగాయి. పెద్ద డాక్టరు ఆ తెరనే అయిదు నిమిషాల పాటు చూసి, గొట్టం సామాను మూసేయమన్నారు.

ల్యాబ్ నుంచి ఫోన్ పదకొండుంబావుకి వచ్చింది. మందు ఎక్కించకముందు తీసిన రక్తంలో నాలుగు పాయింట్ రెండు. హెడ్ సిస్టర్ ఆ అంకె గట్టిగా చదివి, "చుక్క సరిగ్గానే ఉంది మేడం," అంది. నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. నవ్వునే బయటికి రానిచ్చాను.

బయటికి వెళ్లేసరికి బెంచీ మీద ఖాళీ అలాగే ఉంది. మూర్ఛ ఆగిందని చెప్పాను. వాళ్లమ్మ మెడలో టేపుని రెండు చేతులా పట్టుకుని ముఖానికి అదుముకుంది. ఆమె తేరుకునేదాకా ఆగి, పక్కన కూర్చుని, ఫోను సంగతి, సంతకం సంగతి, గీతల సంగతి అంతా చెప్పాను. ఏదీ దాచలేదు, నా పద్ధతి ఎంత మంచిదో చెప్పుకోలేదు.

ఆమె టేపు వదిలేసి నా వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే పడాలనే అనుకున్నాను.

"పది రోజులుగా నన్ను నేనే తిట్టుకుంటున్నానండీ," అంది మెల్లగా. "నిద్రమత్తులో ఎప్పుడైనా మర్చిపోయానేమో, వేశానని భ్రమపడ్డానేమో అని. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. కత్తెర పట్టుకోవాలంటే భయమేసింది."

"మీ చేతులు ఏ తప్పూ చేయలేదు. తప్పు నాది."

"ఆ మాట మా అత్తయ్య వైపు తిరిగి చెప్పండి."

పెద్దావిడ అంతా వింటూనే ఉంది. అయినా నేను లేచి, ఆవిడ ఎదురుగా నిలబడి, మొదటినుంచీ మళ్లీ చెప్పాను.

"ఇంత చదువు చదివి, పసిపిల్ల మందు దగ్గరా నీ నిర్లక్ష్యం?" అంది ఆవిడ. ఇంకా చాలా అంది. తలొంచుకుని విన్నాను. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆవిడ చూపు కోడలి మీద పడింది. లేచి, ఆ ముగ్గురు పట్టే ఖాళీ దాటి, కోడలి పక్కన కూర్చుంది.

"పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లైనా ముట్టలేదు నువ్వు. పద, ఏదైనా తిందువుగాని," అంది. అంతకు మించి క్షమాపణ ఆవిడ దగ్గర దొరకదని కోడలికి తెలిసినట్టే ఉంది, భుజం మీద తల వాల్చింది.

ఆ మధ్యాహ్నం కౌంటరులో కూర్చుని మూడు వారాల చీటీలన్నీ తిరగేశాను. గీతల చీటీ, చిన్న సిరంజి రెండూ కలిసి వెళ్లిన ఇళ్లు పిచ్చుక వాళ్లది కాక తొమ్మిది. తొమ్మిదింటికీ నేనే ఫోన్ చేశాను. ఏడుగురు ఇంకా పాత సిరంజితోనే వేస్తున్నారు. ఇద్దరు చిన్నదానికి మారిపోయారు, వాళ్లని ఆ సాయంత్రమే పిల్లలతో సహా రమ్మన్నాను. ఇద్దరూ వచ్చారు, ఇద్దరు పిల్లలూ బాగానే ఉన్నారు. తర్వాత జరిగిందంతా నా పేరుతోనే రాసి పై అధికారికి ఇచ్చాను. పెద్ద డాక్టరు కింద సంతకం పెడుతూ, "ఇలాంటి రుజువు ఇంకెవరూ తెచ్చేవాళ్లు కాదు మేడం," అన్నారు. ఆ రోజునుంచి నా మాట ఆయన పూర్తిగా వింటున్నారు.

పద్ధతి ఎలా మార్చాలో చెప్పింది మాత్రం పిచ్చుక వాళ్లమ్మే. "గీతలు ఎవరైనా లెక్కపెడతారండీ. ఏ టేపుతో కొలిచారో అది కూడా పక్కనే ఉండాలి కదా," అంది. ఇప్పుడు మందు ఎంతో చీటీ మీద అంకెలోనే రాస్తున్నాం. సిరంజిని సీసాకి కట్టి, ఆ అంకె దగ్గర దాని మీదే ఎర్ర రంగు పట్టీ అంటించి ఇస్తున్నాం. సిరంజి మారిస్తే ఎర్ర పట్టీ ఉండదు, ఎర్ర పట్టీ లేకపోతే మందు వేయొద్దు. అంతే లెక్క.

మూడో రోజు పొద్దున పిచ్చుక మంచం మీద లేచి కూర్చుంది. గొంతు బొంగురుపోయింది కానీ మాట పోలేదు, నడక పోలేదు. వచ్చినవాళ్లందరినీ పేరు పెట్టి తిడుతోంది. సిరప్ వేసే టైముకి ఎర్ర పట్టీ ఉన్న పెద్ద సిరంజి పట్టుకుని నేనే వెళ్లాను. వాళ్లమ్మ, నాయనమ్మ మంచానికి ఒకే పక్కన నిలబడ్డారు. సీసా ఇరవై సార్లు ఊపి, సిరంజి పిచ్చుక కంటి ఎత్తుకి పట్టుకున్నాను.

"ఇక గీతలు లెక్కపెట్టొద్దు పిచ్చుకా. అంకె చూడు. ఒకటి... రెండు. ఎర్ర పట్టీ వచ్చింది, అయిపోయింది."

పిచ్చుక సిరంజి వైపు చూసింది, నా వైపు చూసింది. ముఖం ముడుచుకుంది.

"రెండేనా?" అంది గట్టిగా, వార్డంతా వినేలా. "అమ్మ అయితే పది వేస్తుంది. నువ్వు తక్కువ వేస్తున్నావు!"

వాళ్లమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హెడ్ సిస్టర్ అటు తిరిగి ఏదో వెతుకుతున్నట్టు నటించింది.

"వేశాను, నిజమే," అన్నాను. "ఇంకెప్పుడూ వేయను. నోరు తెరువు."

పిచ్చుక నోరు తెరిచింది.